దిగిన విమానమే మళ్లీ ఎక్కి

స్టోర్ కీపర్ ఆ మాట అనేశాక, తను ఏమన్నాడో తనకి అర్థం కావడానికి సగం కప్పు టీ పట్టింది. అర్థమయ్యాక మిగతా టీతో ఏం చెయ్యాలో తెలియలేదు.

మనిషి మంచివాడే. గోల్డు పనిచేసే లిఫ్టుల కంపెనీ నుంచి పరామర్శకి వచ్చాడు. "ఆ రోజు మా గోల్డు సెలవులో ఉన్నాడు కదమ్మా, అందుకే మాకూ దొరకలేదు. డ్యూటీలో ఉండుంటే ఏ లిఫ్టు గోతిలో ఉన్నా కాలరు పట్టుకుని పైకి లాగేవాళ్లం," అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు.

ఆ ఇంట్లో అప్పటిదాకా అందరికీ తెలిసింది వేరు. తండ్రి కుప్పకూలిన రోజు ఆ ఇంటి కొడుకు గోల్డు వేరే నగరంలో, ఏదో పెద్ద భవనంలో, లిఫ్టు గోతిలోకి దిగి పని చేస్తున్నాడు. గోతిలో సిగ్నల్ ఉండదు. అందుకే కబురు అందలేదు. తల్లి అదే చెప్పింది, పెళ్లాం అదే చెప్పింది, వచ్చిపోయే వాళ్లకి చెప్పీ చెప్పీ ఆ ఇంటి గోడలకి కూడా ఆ మాట కంఠతా వచ్చేసింది.

స్టోర్ కీపర్ కప్పుని కుట్టు మిషను మీద పెట్టాడు. పోయిన పెద్దాయన మిషను అది. గుర్తొచ్చి తీసేశాడు. చివరికి జేబులో పెట్టుకునేంత పని చేసి, కోడలి చేతికిచ్చి లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కోవడానికి అతను తీసుకున్న టైములో ఒక చిన్న సైజు ఇల్లు కట్టి గృహప్రవేశం చేసెయ్యొచ్చు.

తలుపు వదిన మూసింది.

గోల్డుకి అక్క, కోడలికి వదిన. కోర్టులో స్టెనో. ఎవరో వేసే ప్రశ్నలూ, ఎవరో చెప్పే జవాబులూ రాస్తూ జుట్టు నెరిసిపోయిన మనిషి. తనకంటూ ఒక్క ప్రశ్న వేసే రోజు కోసం ఇన్నేళ్లూ కాచుకుని ఉన్నట్టుంది. తండ్రి పోయాడని తెలిసి భర్తతో వచ్చిన దగ్గర్నుంచీ ఆమె మరదలితో మాట్లాడింది ఒక్కటే మాట. "నేనొచ్చేదాకా ఆగమన్నాను కదా." రోజూ అదే మాట, మంచినీళ్లు అడిగినట్టు.

ఆ రోజు ఆసుపత్రి వరండాలో డాక్టరు, "తలలో రక్తం గడ్డ కట్టింది, వెంటనే తెరవాలి, కొడుకెక్కడ?" అన్నాడు. కొడుకు లేడు. కాగితాన్ని గోడకి ఆనించి కోడలే సంతకం పెట్టింది. మామగారు ఆపరేషను బల్ల మీదే పోయాడు.

ఇంకొకటి ఉంది. అది ఆమె ఎవరికీ చెప్పలేదు. సంతకం పెట్టే ముందు మొగుడికి చేసిన ఫోన్లన్నీ స్విచ్ ఆఫ్ అన్నాయి. ఒక్కటి మాత్రం మోగింది. చివరిదాకా మోగి ఆగిపోయింది. వెంటనే మళ్లీ చేస్తే స్విచ్ ఆఫ్.

ఆ ఒక్కటీ ఎందుకు ఎత్తలేదో ఆమెకి తెలియాలి. అప్పట్నుంచీ ఆమె అన్నం తింటున్నది, ఉద్యోగానికి వెళ్తున్నది, ల్యాబులో జనం చేతుల్లోంచి రక్తం తీస్తున్నది ఆ ఒక్క సంగతి తెలుసుకోవడం కోసమే. గోతిలో ఉన్నాడు, చేతులకి గ్రీజు అయివుంటుంది అని తనకి తనే సర్దిచెప్పుకుంటూ వచ్చింది. ఇప్పుడు గోతి లేదన్నారు. మరి గ్రీజు మాటేమిటి?

"సెలవా?" అంది వదిన, తమ్ముడితో.

గోల్డు కిటికీలోంచి బయటికి చూశాడు. కిటికీ మూసి ఉంది.

"నిన్నేరా. సెలవు పెట్టావా?"

"పెట్టాను."

"పెట్టి ఎక్కడికెళ్లావు?"

"ఎక్కడికీ వెళ్లలేదు."

"ఎక్కడికీ వెళ్లకపోతే ఇంట్లో ఉండాలి. ఇంట్లో లేవు."

"విమానంలో ఉన్నానక్కా."

"ఆ విమానం ఎక్కడికెళ్లింది?"

"ఆ ఊరికే. మీరందరూ అనుకున్న ఊరికే."

"అక్కడేం పని?"

"పనేం లేదు. దిగి, మళ్లీ అదే విమానం ఎక్కి వచ్చేశాను."

గదిలో ఫ్యాన్ ఒక్కటే ఏ అనుమానం లేకుండా తిరుగుతోంది.

వదిన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. గొంతు తగ్గించింది. "చూడు తమ్ముడూ. నేను రోజూ ఇలాంటివి వింటూనే ఉంటాను. ఒకడు చీకట్లో చెట్టెక్కి కూర్చున్నానంటాడు. ఒకడు దారి తప్పి పక్కింటి బీరువాలోకి వెళ్లానంటాడు. జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటారు. ఇప్పుడు చెప్పు. ఎవత్తె అది?"

"ఎవరూ లేరక్కా."

"ఉంటే ఉందని చెప్పు. మనుషులన్నాక తప్పులు చేస్తారు. తిడతాం, నాలుగు రోజులు ఏడుస్తాం, ఆ తర్వాత ఏదో ఒకటి చూస్తాం. కానీ మమ్మల్ని వెర్రివాళ్లని చెయ్యకు."

"ఎయిర్ హోస్టెస్సా?" అన్నాడు బావ, మూలనుంచి.

బావ పళ్ల డాక్టరు. నోరు తెరిచిపెట్టుకుని జవాబు చెప్పలేని స్థితిలో ఉన్నవాళ్లని ప్రశ్నలడగడం ఆయనకి అలవాటు. అందుకే జవాబు వస్తుందని ఎప్పుడూ ఆశించడు.

"కాదు బావగారూ. ఎవరూ కాదు. గోల్డ్ పోతుందని వెళ్లాను."

"ఏ గోల్డు? ఎవరి మెళ్లోది?" అంది వదిన.

అది మెళ్లోది కాదని ఆ ఇంట్లో మిగిలినవాళ్లకి తెలుసు. విమానాల కంపెనీ వాళ్లు, తమ విమానాల్లో తెగ తిరిగే వాళ్లకి ఇచ్చే హోదా అది. తిరిగిన దూరానికి పాయింట్లు వేస్తారు. పాయింట్లతో టికెట్లు ఇస్తారు. ఏడాదిలో ఇన్నిసార్లని ఎగిరిన వాడిని గోల్డ్ చేస్తారు. లిఫ్టుల కంపెనీ ఇతన్ని ఊరూరూ తిప్పిన రోజుల్లో, అడక్కుండానే గోల్డ్ అయి కూర్చున్నాడు. అప్పట్నుంచీ ఆఫీసులో అసలు పేరు అటకెక్కింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ నేల మీద ఖర్చుపెట్టినా పాయింట్లు వచ్చే కార్డు ఒకటుందని అతనికెవరో చెప్పారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఉప్పు కొన్నా ఆకాశంలో ఎక్కడో ఒక అంగుళం కదలాల్సిందే. దగ్గర్లో ఉన్న పెట్రోలు బంకుకి పాయింట్లు లేవని, ఊరి చివర బంకుకి వెళ్లి, వెళ్లి రావడానికి ఎంత పెట్రోలు అవుతుందో సరిగ్గా అంత పోయించుకుని వచ్చేవాడు. చందా కడితే పాయింట్లు ఇస్తారని చేపలు పట్టే వాళ్ల మాసపత్రిక తెప్పించాడు. ఆ ఇంట్లో ఎవరూ చేప జోలికి పోయినవాళ్లు కాదు. ఊరికే పోతోంది కదాని పెద్దాయన చదవడం మొదలుపెట్టి, ఆర్నెల్లు తిరిగేసరికి గాలాల గురించి చేపల దుకాణం వాడికి క్లాసు పీకే స్థాయికి వచ్చాడు. దుకాణం వాడు ఆయన్ని చూస్తే షట్టర్ దించేసేవాడు.

ఇదంతా గోల్డు అక్కకి వివరించాడు. చేపల సంగతి వదిలేసి. ఈ ఏడు కంపెనీ తనని ఎక్కడికీ పంపలేదన్నాడు. ఫోన్లో వీడియో చూస్తూ ఇక్కడ కూర్చుని చెబుతుంటే అక్కడివాళ్లే బాగు చేసుకుంటున్నారట. ఏడాది చివరికొచ్చేసింది. ఇంకా కొన్ని ప్రయాణాలు తగ్గాయి.

"అందుకని అప్పుడప్పుడూ సెలవు పెట్టి, చవగ్గా ఉన్న రోజు చూసి, వెళ్లి వచ్చేస్తున్నాను. ఇంట్లో డ్యూటీ అని చెప్పేవాణ్ణి. లేకపోతే సిల్వర్‌లోకి దింపేస్తారక్కా."

'దింపేస్తారు' అన్నప్పుడు అతని గొంతులో వణుకు వచ్చింది. తండ్రి పోయినప్పుడు రాని వణుకు. కోడలు అది విన్నది.

వదిన మొహం మెల్లగా మారిపోయింది. మొదట నమ్మలేదు. తర్వాత నమ్మింది. నమ్మాక, నమ్మనప్పుడే హాయిగా ఉందని తెలిసినట్టుంది.

"ఆడదాన్ని పెట్టుకున్నానని చెప్పరా," అంది. ఈసారి బతిమాలుతున్నట్టు. "అదైతే నేను ఇంకోళ్లకి చెప్పుకోగలను."

"లేరక్కా."

"వెళ్లి అక్కడేం చేశావు?"

"శాండ్‌విచ్ తిన్నాను."

వదిన నుదురు పట్టుకుంది.

బావ గొంతు సవరించుకున్నాడు. ఆయనకీ ఒక కార్డుంది. క్లినిక్ సామానంతా దాని మీదే కొంటాడు. ఎన్నో ఏళ్లుగా ఆయన బుర్రలో ఒక ప్రశ్న పుచ్చిపన్నులా సలుపుతోంది. ఇది సమయం కాదని ఆయనకి తెలుసు. తెలిసినా ఆగలేదు.

"అదిసరే బావమరిదీ. నా దగ్గర పాయింట్లు చాలా పడున్నాయి. మొన్న మిక్సీ ఇస్తామన్నారు. తీసుకోవచ్చా?"

"మిక్సీయా?" అన్నాడు గోల్డు. అంత దుఃఖంలోనూ మనిషి అదిరిపడ్డాడు. "ఆ పాపం చెయ్యకండి. మిక్సీకి వాళ్లు తీసుకునే పాయింట్లతో మనిషిని సముద్రం దాటించొచ్చు. సామాన్లకీ, కూపన్లకీ వాడితే పాయింటు విలువ మట్టిలో కలిసిపోతుంది. టికెట్లకే వాడాలి. అదీ పక్క ఊరికి చవక టికెట్టుంటే డబ్బులు పెట్టి కొనేసుకోవాలి. డబ్బుతో కొనలేని వాటికి తియ్యాలి పాయింట్లు. దూరం ప్రయాణాలకి. ముందు వరస పెద్ద సీట్లకి. వాళ్లు పాయింట్లకి సీట్లు వదిలిన రోజే పట్టుకోవాలి, లేకపోతే దొరకవు. మెయిన్ సంగతేంటంటే బావగారూ, దాచుకోకూడదు. ఇవాళ ఉన్న రేటు రేపుండదు. వాళ్లిష్టం వచ్చినప్పుడు పెంచేస్తారు. ఇది బ్యాంకులో డబ్బు కాదు, ఎండలో పెట్టిన ఐసు."

చాలా రోజుల తర్వాత అతని కళ్లల్లో వెలుగు కనిపించింది. చేతులు కూడా ఊపుతున్నాడు.

"ఓహో," అన్నాడు బావ. "మరి నువ్వెందుకు దాచావు?"

ఏ దురుద్దేశమూ లేదు పాపం. పన్ను మీద చిన్న సుత్తితో కొట్టి, ఇక్కడ నొప్పుందా అని అడిగినట్టే అడిగాడు.

గోల్డు చేతులు గాల్లోనే ఆగిపోయాయి. తర్వాత వాటిని మోకాళ్ల మీదికి తెచ్చుకున్నాడు, ఎవరో మర్చిపోయిన సామాను తెచ్చిపెట్టినట్టు.

అప్పుడు మాట్లాడింది అత్తయ్య, గోల్డు తల్లి.

ఆమె అప్పటిదాకా కుట్టు మిషను పక్కనున్న పొట్టి స్టూలు మీద కూర్చుని ఉంది. రేపు కూతురు తనతో తీసుకెళ్లిపోతానంటోంది. సంచీ కూడా కూతురే సర్దింది. వస్తానని ఆమె అనలేదు, రానని అనలేదు. కొడుకు దగ్గరే ఉండాలని ఉందని మాత్రం పొద్దున కోడలితో గుసగుసగా అన్నది.

"మీ నాన్న కోటు కుట్టుకున్నాడు," అంది అత్తయ్య. ఎవరినీ చూడలేదు. "విమానంలో ముందు వరస అంటే కోటుండాలన్నాడు. ఎన్ని కోట్లు కుట్టాడో ఊళ్లోవాళ్లకి, తనకని కుట్టుకున్నది అదొక్కటే. ఏడాదికోసారి తీసి తొడుక్కుని చూసేవాడు. వదులైందని మళ్లీ విప్పి, లోపలికి పట్టి కుట్టేవాడు. ఏడాదికేడాది మనిషి చిక్కిపోతుంటే కోటు కూడా చిక్కుతూ వచ్చింది. నిన్నడిగేవాడు కదరా, ఏరా, నీ పాయింట్లు పండాయా అని."

"అడిగేవాడమ్మా."

"నువ్వేమనేవాడివి?"

గోల్డు అక్క వైపు చూశాడు.

"చెప్పు. అక్క కూడా విననీ."

"ఇంకొంచెం ఆగు నాన్నా, ఇప్పుడు కోస్తే గిట్టుబాటు కాదు అనేవాణ్ణి."

వదిన ఏడవడం మొదలుపెట్టింది. కోర్టులో ఎన్ని ఏడుపులు చూసిందో, ఆ ఏడుపుకి శబ్దం లేదు.

"సరే, పోయినాయన పోయాడు," అంది అత్తయ్య. "నాకొకటి చెప్పు. ఆ గోల్డ్ ఉంటే ఏమొస్తుందిరా నీకు?"

గోల్డు తల్లి మొహంలోకి చూశాడు. వెటకారమేమో అని వెతికాడు. వెటకారం లేదు. ఆమెకి నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

"వేరే క్యూ ఉంటుందమ్మా. అందరికంటే ముందు పంపిస్తారు. కూర్చోడానికి వేరే గది. సూపు ఉచితం. ఒక సూట్‌కేసు ఎక్కువ తీసుకెళ్లొచ్చు."

"నీ దగ్గర ఆ రోజు సూట్‌కేసు ఉందా?"

"లేదు."

"ఊఁ."

"అది కాదమ్మా. నేను పని చేసే బిల్డింగుల్లో నన్ను ముందు గుమ్మంలోంచి రానివ్వరు. నేను బాగు చేసిన లిఫ్టే నన్ను ఎక్కనివ్వరు, బట్టలకి మరకలని. వెనక మెట్లెక్కి పొమ్మంటారు. అక్కడ కౌంటరు దగ్గర అమ్మాయి లేచి నిలబడి, మళ్లీ వచ్చారా సార్ అంటుంది. అంతే. అంతకంటే ఏం లేదు."

ఆ మాట నిజం. అది నిజమని ఆ గదిలో అందరికీ తెలిసింది. ఒక్క క్షణం వదిన కూడా తమ్ముడి వైపు తమ్ముణ్ణి చూసినట్టు చూసింది. కథ అక్కడితో ఆగిపోయుంటే, అత్తయ్య సంచీ విప్పేసి ఉండేదేమో.

కోడలికి మాత్రం ఆసుపత్రి వరండా కళ్లముందుకు వచ్చింది. మామగారి స్ట్రెచర్ వరసలో వెనకెక్కడో ఉంది. ముందున్నవాడికి కాలి బొటనవేలు విరిగింది. వాణ్ణి దాటించి ముందుకి తీసుకెళ్లమని ఆమె ఎంతమంది కాళ్లు పట్టుకుందో. అక్కడ ఎవరూ లేచి నిలబడలేదు.

కోడలు వచ్చి మొగుడికి ఎదురుగా నేల మీద కూర్చుంది. అతని చెయ్యి అందుకుని తన మోకాలి మీద పెట్టుకుంది. ల్యాబుకి వచ్చిన వాళ్ల చెయ్యి కూడా అలాగే తీసుకుంటుంది. భయపడకండి, చీమ కుట్టినట్టుంటుంది, అటు చూడండి అని చెబుతుంది. ఆ గొంతు కూడా అదే.

"నేను ఒకటి అడుగుతాను. అటు చూసైనా సరే, చెప్పండి."

"అడుగు."

"నేను ఆ రోజు చేసిన ఫోన్లలో ఒకటి మోగింది."

చేతిలో చెయ్యి చల్లబడింది. నరం దొరకడానికి ముందు చాలామంది చేతులు అలాగే అవుతాయి.

"మోగిందా?" అంది వదిన. కన్నీళ్లు సగంలో ఆగాయి. "నాతో ఎప్పుడూ అనలేదే."

"ఎవరితోనూ అనలేదు వదినా." మొగుడి మీంచి చూపు తిప్పలేదు. "విమానం దిగి, మళ్లీ ఎక్కే ముందు ఫోన్ ఆన్ చేశారు కదూ?"

"చేశాను."

"ఎందుకు?"

"తిరుగు ప్రయాణం బోర్డింగ్ పాస్ ఫోన్లోనే ఉంటుంది. చూపించాలి."

"అప్పుడు నా ఫోన్ వచ్చింది."

"వచ్చింది."

"చూశారు."

"చూశాను."

బావ మూలలోంచి కదిలి ముందుకి వంగాడు. ఈసారి ఆయన దగ్గర ప్రశ్నలేవీ లేవు.

"ఎందుకు ఎత్తలేదు?"

గోల్డు అటు చూశాడు. చూడమన్నందుకేమో.

"మైకులో పిలుస్తున్నారు," అన్నాడు. "ఫలానా విమానం ఎక్కేవాళ్లు రండి, గోల్డ్ వాళ్లు ముందు రండి అని. గట్టిగా వినిపిస్తోంది. నీతో గోతిలో ఉన్నానని చెప్పి వచ్చాను. ఎత్తితే మైకు నీకు వినబడుతుంది. పట్టుబడిపోతాను. సాయంత్రం వచ్చేటప్పుడు ఏం తేవాలో అడగడానికి చేశావనుకున్నాను. మోగనిచ్చి, ఆగాక, స్విచ్ ఆఫ్ చేసి క్యూలో నిలబడ్డాను."

కోడలు తల ఊపింది. ఒకసారి. తర్వాత అతని చేతిని తీసి, జాగ్రత్తగా అతని ఒళ్లోనే పెట్టేసింది. దూది అద్దడం ఒక్కటే తక్కువ.

"నువ్వు సంతకం పెట్టడానికి ముందా?" అంది వదిన.

"ముందే. మీతో మాట్లాడాక. మీరు ఆగమన్నారు, డాక్టరు ఆగొద్దన్నాడు. ఈయన్ని అడుగుదామని చేశాను."

వదిన ఇంకేం అడగలేదు. ఇన్నేళ్లకి తనకంటూ దొరికిన ప్రశ్నలు అయిపోయాయి. లేచి, మరదలి పక్కకి వెళ్లింది. నిలబడే మరదలి తల మీద చెయ్యి వేసింది. ఆ చేతికి ఏం చెయ్యాలో తెలియదు, ఊరికే అలా ఉండిపోయింది.

"ఎత్తి ఉంటే ఏమనేవాడివిరా?" అంది అత్తయ్య. "డాక్టరు అడుగుతున్నాడు, కొయ్యమంటావా వద్దంటావా అంటే?"

"కొయ్యమనేవాణ్ణమ్మా. ఇది చేసిందే నేనూ చేసేవాణ్ణి."

"ఆ మాట ఆ రోజు దానికి చెప్పాల్సింది."

చెప్పాల్సింది. వీధిలో ఎవరో స్కూటరు స్టార్ట్ చేశారు, అది స్టార్ట్ కాలేదు, మళ్లీ ప్రయత్నించారు, కాలేదు. వాళ్లు విసుగెత్తి తోసుకుంటూ వెళ్లిపోయేదాకా అందరూ ఆ శబ్దాన్నే విన్నారు.

అత్తయ్య స్టూలు మీంచి లేచింది. గోడవారగా ఉన్న సంచీ జిప్పు లాగి చూసింది, పూర్తిగా పడిందో లేదోనని.

"అల్లుడుగారూ," అంది. "నాకూ రేపటికే టికెట్ తియ్యండి."

బావ భార్య వైపు చూశాడు. భార్య తల ఊపింది. ఆయన ఫోన్ తీసి, కళ్లజోడు పైకి తోసుకుని వెతకడం మొదలుపెట్టాడు. వెతికి, రేటు చూసి, చిన్నగా ఈల వేసినంత పని చేశాడు. "రేపటికే అంటే మండిపోతున్నాయి," అన్నాడు.

ఆ తర్వాత జరిగింది గోల్డు కావాలని చేసిందని ఎవరూ అనలేరు. మోకాలి మీద కొడితే కాలు ఎలా లేస్తుందో, అతని నోరు అలా లేచింది.

"కొనకండి బావగారూ. ఇలాంటప్పుడే పాయింట్లు వాడాలి. ఆఖరి నిమిషంలో డబ్బు రేటు ఎంత పెరిగినా, పాయింట్ల రేటు అంతే ఉంటుంది. ఇంతకంటే మంచి విలువ దొరకదు."

అనేశాక విన్నాడు.

ఇన్నేళ్లూ దేని కోసం కాచుకుని కూర్చున్నాడో ఆ మంచి బేరం ఇన్నాళ్లకి కుదిరింది. తల్లి ఇల్లు వదిలి వెళ్లిపోతోంది.

"సరే," అంది అత్తయ్య. "అలాగే చెయ్యి. నీ పాయింట్లతోనే పంపించు."

"అమ్మా, నేను—"

"చెయ్యిరా. నేను కూడా ఒకసారి ఎక్కి చూస్తాను."

గోల్డు ఫోన్ తీశాడు. వేళ్లకి దారి తెలుసు. ఊరు, తేదీ, మనిషి. ఎన్ని వందలసార్లు ఊరికే వెతికి చూసి మూసేసిన పేజీయో అది.

"ముందు వరసలో ఉన్నాయమ్మా. పెద్ద సీటు."

"ఎక్కడైనా పర్లేదు."

"ముందే తీస్తాను."

"నీ ఇష్టం."

వదిన చెయ్యి ఇంకా మరదలి తల మీదే ఉంది. ఆ చెయ్యే మాట్లాడినట్టు, మెల్లగా అంది. "నువ్వూ రా అమ్మాయ్. నాలుగు రోజులు. అక్కడ నిన్నెవరూ ఏమీ అడగరు. నేనైతే అసలు అడగను."

కోడలు వదిన చేతిని తల మీంచి తీసి, లేవడానికి ఆసరాగా పట్టుకుని లేచింది. చీర కుచ్చిళ్లు దులుపుకుంది. స్టోర్ కీపర్ చేతికిస్తే తను పెట్టేసిన కప్పు ఇంకా గుమ్మం పక్క బల్ల మీదే ఉంటే, తీసుకెళ్లి సింకులో పెట్టి, కుళాయి తిప్పి, కడిగి, బోర్లించి వచ్చింది. అంతసేపూ గోల్డు ఫోన్ చేతిలో పట్టుకుని, ఆమె నడిచిన దారినే చూస్తూ ఉన్నాడు.

"రెండు తియ్యండి," అంది.

అతను రెండో మనిషి గడిలో ఆమె వివరాలు నింపాడు. అవి చూడకుండానే వచ్చు అతనికి. నింపి, తలెత్తకుండా అడిగాడు.

"తిరుగు టికెట్ ఎప్పటికి పెట్టను?"

కోడలు తడి చేతులు కొంగుకి తుడుచుకుంది.

"వచ్చే ఆదివారం? ఆ పై ఆదివారం? చెప్పు. ఏ రోజుకైనా సీట్లున్నాయి."

"రెండువైపులా కలిపి తీస్తే ఏమైనా కలిసొస్తుందా?"

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే తెలియక అడిగినట్టుంది. ఇన్నేళ్ల కాపురంలో పాయింట్ల గురించి ఆమె అతన్ని అడిగిన మొదటి సంగతి అది. అతనికి అబద్ధం ఆడాలనిపించింది. కలిసొస్తుంది, చాలా కలిసొస్తుంది, ఇప్పుడే రెండూ తియ్యకపోతే నష్టపోతాం అని చెప్పాలనిపించింది. లిఫ్టు గోతుల గురించి అంత తేలిగ్గా వచ్చిన అబద్ధం దీని గురించి రాలేదు.

"రాదు," అన్నాడు. "ఏ వైపుది ఆ వైపే. కలిపి తీసినా ఒకటే, విడివిడిగా తీసినా ఒకటే."

"అయితే వెళ్లేదొక్కటే తియ్యండి."

గోల్డు బొటనవేలు ఫోన్ మీదికి వెళ్లి, అద్దానికి వెంట్రుకవాసి దూరంలో ఆగిపోయింది. తెర కాసేపు వెలుగుతూ ఎదురుచూసి, మసకబారి, ఆరిపోయింది. అతను దాన్ని మళ్లీ వెలిగించాడు.

"సీట్లు ఎంతోసేపు ఉండవేమో," అన్నాడు బావ, ఎవరికీ వినబడకుండా.

అందరికీ వినబడింది. కోడలు గోడకి ఆనుకుని, అతని బొటనవేలినే చూస్తూ నిలబడింది.